ముసే రేమండు: గొట్టము తిన్ననైననే గుండు తిన్నన

మూసీనది హైదరాబాదు నగరము మధ్యగా ప్రవహించి, నల్లగొండసీమ పొలములను తడిపి, వాడపల్లికడ కృష్ణలో కలియుచున్నది. ఆ సంగమమునకు అనతిదూరమున నున్న పాలకీడు ప్రాంతపు ప్రజలకు జాన్‌పహాడు దర్గా సుపరిచితము. అచ్చటి ఉరుసునకు వచ్చు జనసమూహమున హిందువెవడో మహమ్మదీయుడెవడో గుర్తింప నలవికాదు. అదే నదికి ఎగువను, హైదరాబాదునకు తూర్పున, ఆస్మాన్‌గఢ్ గుట్టపై మరియొక సమాధి కలదు. అందు నిద్రించువాడు హిందువును గాడు, మహమ్మదీయుడును గాడు. ఫ్రాన్సుదేశమున బుట్టిన సైనికుడు. అయినను హిందువులు వానిని మూసారాముడనియు, మహమ్మదీయులు మూసారహీమనియు పిలిచిరి. మూసారాంబాగను పేట నేటికిని ఆ పేరనే వెలయుచున్నది. అతని నిజనామము మిషేల్ జొయాకిం మారీ రేమండు. నైజాము అలీఖాను కొలువున సేనాధిపతియై, హైదరాబాదులో ఫిరంగుల కార్ఖానాను నెలకొల్పినవాడతడే.

ఇతని చరిత్రను పాఠకుల యెదుట నుంచుటకు మాకొక కారణము కలదు. మన దేశము పరుల పాలబడుటకు హేతువేమని యడిగినచో, శౌర్యము సన్నగిల్లుట యని కొందరును, ఐకమత్యము లేమి యని కొందరును చెప్పుదురు. ఐకమత్యము మాట కాదనరానిది. కాని పనిముట్టు మాట తలచువారు అరుదు. గురిచూచువాని కన్నెంత వాడిదైనను, చేయి యెంత నిలకడ గలదైనను, తుపాకి గొట్టము వంకరయైనచో గుండు వంకరగనే పోవును. ఆ గొట్టమును తన రాజ్యమున తాను చేయించుకొనలేని ప్రభువు పరాధీనుడే యని రేమండు గ్రహించెను. ఆ విద్య దేశస్థుల చేతులలో వేరూననిచో గొట్టములున్నను రాజ్యము నిలువదని అతని యనంతరము జరిగిన కథ చాటుచున్నది.

రేమండు 1755వ సంవత్సరము సెప్టెంబరులో ఫ్రాన్సు నైరృతి భాగమున గాస్కనీ సీమలోని సెరిన్యాక్ గ్రామమున జన్మించెను. తండ్రి వర్తకుడు. 1775లో, ఇరువదియేండ్ల ప్రాయమున, వ్యాపారము చేయుటకై పుదుచ్చేరికి వచ్చెను. కాని ఆనాటి దక్షిణాపథమున త్రాసుకంటె కత్తికే వెల హెచ్చుగా నుండెను. కొలది కాలములోనే అతడు అంగడి విడిచి మైసూరు హైదరలీ కొలువున నున్న ఫ్రెంచి దళమున జేరెను. 1783లో బుస్సీ మరల మన దేశమునకు రాగా అతనికి సహాయోద్యోగి యయ్యెను. 1757లో బొబ్బిలి కోట కూలుటకు కారకుడైన బుస్సీని తెలుగువారికి క్రొత్తగ పరిచయము చేయ నక్కరలేదు. అప్పటికతడు వృద్ధుడు, 1785లో పుదుచ్చేరిలోనే మరణించెను. ఆశ్రయము తప్పిన రేమండు ఆ దరిదాపులనే హైదరాబాదు చేరి నైజాము అలీఖాను కొలువున ప్రవేశించెను.

నైజాము అలీకి కవాతు నేర్చిన కాల్బలము విలువ అనుభవపూర్వకముగ దెలియును. బుస్సీ సేన తన యన్న సలాబత్‌జంగును సింహాసనమున నిలిపియుంచుటను కన్నులార జూచినవాడతడు. ఉత్తర సర్కారులు 1766లో ఇంగ్లీషు కంపెనీకి పోయినవి. గుంటూరు సీమయు 1788లో చేజారినది. పడమట మహారాష్ట్రులు, దక్షిణమున టిప్పు, తూర్పున కంపెనీ. ఇట్టి స్థితిలో తనదైన శిక్షిత సైన్యమొకటి యుండవలెనని ఆ ప్రభువు తలచుటలో వింతలేదు.

రేమండు ప్రారంభించిన దళము మూడువందల మందిది. ఆ మూడువందల తుపాకులును సొంతవి కావు. ఒక ఫ్రెంచి వర్తకునికడ తుపాకి ఒక్కంటికి నెలకు ఎనిమిదణాల చొప్పున అద్దెకు దెచ్చినవి! బండికి ఎద్దులను అద్దెకు దెచ్చినట్లు రాజ్యరక్షణకు తుపాకులను అద్దెకు దెచ్చుట నేడు మనకు హాస్యాస్పదముగ దోచవచ్చును. కాని యందలి దైన్యమును పాఠకులు గమనింతురు గాక. అద్దె తుపాకి చెడినచో బాగుచేయుట ఎట్లు? వర్తకుడు కోపించి మరలించుకొనిపోయిన గతియేమి? పగవాడు హెచ్చు ధరనిచ్చిన నేమగును? ఈ చిక్కులకెల్ల ఒక్కటే విరుగుడు: ఆయుధమును ఇచ్చటనే చేయవలెను.

చేయుట యనగా కమ్మరి పట్టెడలో ఇనుపబద్దను గుండ్రముగ వంచుట మాత్రమే కాదు. ఆ కాలపు తుపాకి గొట్టమెట్లు తయారగుచుండెనో కొంత వివరింతుము. దళసరి ఇనుపరేకును తెల్లవేడికి గాచి, కడ్డీచుట్టు చుట్టి, అంచుపై అంచు గూర్చి సమ్మెటతో గొట్టి అతికెడివారు. ఒకమారు కాచిన కాకకు కొన్ని అంగుళముల మేర మాత్రమే అతుకుపడును. కావున మూడడుగుల గొట్టమునకు పలుమార్లు కొలిమి కెక్కింపవలసి వచ్చెడిది. అందొక్క కాక తక్కువైనను అతుకు పైకి కనబడకయే బలహీనమగును. పిమ్మట బర్మాతో లోపల తొలిచి, క్రమముగ పెద్ద బర్మాలను వాడి నునుపు దేల్చెడివారు. గొట్టము తిన్నదనమును తెలిసికొనుటకు లోపల సన్నని తీగెను బిగించి చూచెడివారు, లేదా వెలుతురున కెత్తి లోని మెరుగుపై బడు నీడగీతను పరికించెడివారు. నీడగీత విరిగినచోట గొట్టము వంగినదన్నమాట. దానిని దాగలిపై బెట్టి మెల్లగ దట్టి సరిచేసెడివారు. తరువాత తిరుగుడురాతిపై వెలుపలి భాగమును అరగదీసి మందము సమానము గావించెడివారు. కట్టకడపట మామూలు కొలతకు మించిన మందు గూరి కాల్చి, పగులనిదానిని మాత్రమే అంగీకరించెడివారు.

ఇందే పని చెడినను గురి చెడును. ఒకప్రక్క మందమై యొకప్రక్క పలుచనైన గొట్టము, కాల్పులకు వేడెక్కిన కొలది పలుచని మందపు తేడాచే వంగును. తొలిగుండు పోయినచోటికి పదవగుండు పోదు. లోని వెడల్పు అన్నిచోట్ల నొక్కరీతి నుండనిచో మందుపొగ వెలితి జూచి ముందే తప్పించుకొనును. గుండు వేగము ప్రతిమారును మారును. గొట్టపు మూతి అంచు సమముగా లేనిచో, గుండు వెడలు క్షణమున పొగ ఒకవైపు ముందుగా జొచ్చుకొనివచ్చి దానిని ప్రక్కకు ద్రోయును. ఇవి మనుష్యుని కంటికానని లోపములు. కాని గుండు వీనినెల్ల లెక్కకు దెచ్చుకొనును.

ఆనాటి నునుపు గొట్టములకు పుట్టుకతో వచ్చిన జాడ్యము మరియొకటి కలదు. ఇంగ్లీషు పటాలపు తుపాకి లోవెడల్పు ముప్పాతిక అంగుళము. గుండు వెడల్పు సుమారు 0.69 అంగుళము. మసి పేరుకొనిన గొట్టములో గుండు త్వరగ దిగుటకై ఈ సందు కావలెనని వదలెడివారు. అందుచే గుండు గోడలకు దాకుచు, దొర్లుచు బయలువెడలును. కడపటి తాకుడు ఏ ప్రక్కనైన దాని కెదురుప్రక్కకు పోవును. నూరుగజములు దాటిన పిదప ఒక్క మనుష్యుని గురిచూచి కొట్టుట అదృష్టము మీద నాధారపడిన పని. వరుసలు దీరి ఒక్కమారుగ కాల్చు కవాతు పద్ధతి అందుకే పుట్టినది. ఒంటిగుండు చేయలేని పనిని నూరు గుండ్లచే చేయించెడివారు. మా పాఠకులలో వృద్ధులకు బర్మారు తుపాకి కొత్త కాదు. 1946 మొదలు 1951 వరకు జరిగిన సాయుధ పోరాటమున నల్లగొండజిల్లా పల్లెలలో మూతినుండి మందుగూరు ఈ నాటు తుపాకులే సైన్యపు రైఫిళ్ల కెదురు నిలిచినవి. ఆ రెంటి నడుమ భేదము పట్టినవాని ధైర్యమున లేదు, గొట్టమున నున్నది.

మన కమ్మరులకు నేర్పు లేకుండెనా యని యడుగవచ్చును. నిజామాబాదుసీమ కోనసముద్రపు మూస ఉక్కు పారసీకము వరకు ఎగుమతియై ఖడ్గములుగ రూపొందినది. నేర్పునకు కొదువలేదు. కాని కత్తికి వాదర గావలెను, గొట్టమునకు సాగుడు గావలెను. మిక్కిలి కఠినమైన ఉక్కు మందు ప్రేలుడుకు పగులును. మెత్తని ఇనుము ఉబ్బి ఓర్చుకొనును. ఇనుప పట్టీని త్రాటివలె మెలివేసి కడ్డీకి జుట్టి అతుకు పద్ధతియు మన దేశమున ప్రసిద్ధమే. అతుకు నిలువున గాక చుట్టుగా బోవుటచే ఆ గొట్టములు మిగుల బలమైనవి. అయితే ఒక్కొక్క కమ్మరి ఒక్కొక్క కొలతకు జేయును. ఒకని గుండు మరియొకని గొట్టమున బట్టదు. వేయిమంది సైన్యమునకు వేయి గొట్టములు ఒక్క కొలతకుండవలెను. ఆ కొలతను, ఆ క్రమమును తెచ్చుటయే కార్ఖానా పని.

రేమండు నేటి ఫతేమైదానము చెంత 1786 ప్రాంతమున నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానాను జనులు తోపుకా సాంచా యనిరి. ఆ పేట కిప్పటికిని గన్‌ఫౌండ్రీ యనియే పేరు. ఫిరంగి పోతలోను ప్రాణమంతయు గొట్టమునందే కలదు. సుమారు తొమ్మిది పాళ్లు రాగికి ఒకపాలు తగరము గలిపి కరగించి, గోతిలో నిలువుగ బాతిన అచ్చున బోయుదురు. మూతివైపున కొంత లోహమును అదనముగ బోయుదురు. దాని బరువునకు క్రింది లోహము గట్టిపడి, బుడగలును మడ్డియు పైకి దేలును. చల్లారిన వెనుక ఆ తలను కోసివేయుదురు. పూర్వము అచ్చు నడుమ మట్టికడ్డీ నిలిపి బోలుగ పోయుట వాడుక. కరగిన లోహపు ఒత్తిడికి ఆ కడ్డీ ఇసుమంత కదలినచో ఫిరంగి పైకి తిన్నగ గనబడును గాని లోరంధ్రము వంకరయగును. గోలందాజు ఎంత లెక్కవేసినను తోపు తనదారిని తాను పోవును. స్విట్జర్లండువాడగు జాన్ మారిట్జు పదునెనిమిదవ శతాబ్ది మొదటి పాదమున దీనికి ఉపాయము కనిపెట్టెను: ఫిరంగిని గట్టిగా పోసి, పిమ్మట యంత్రముచే తొలుచుట. ఫ్రాన్సు ఈ పద్ధతిని తన కార్ఖానాల కెల్ల వ్యాపింపజేసెను. ఇంగ్లండు 1770లో గాని వూలిచ్చి కార్ఖానాలో దీనిని నెలకొల్పలేదు. 1765లో గ్రిబోవాలు అను ఫ్రెంచి సేనాని ఫిరంగుల కొలతలను స్థిరపరచి, గుండునకు గొట్టమునకు నడుమ సందును తగ్గించి, తేలికయైనను గురితప్పని తోపులను సృష్టించెను. రేమండు యౌవనము ఆ మార్పుల మధ్య గడచినది.

ఈ సందర్భమున మరియొక పేరు చెప్పక తీరదు. బెంజమిన్ రాబిన్సు అను ఇంగ్లీషు గణితజ్ఞుడు 1742లో ఫిరంగివిద్యపై గ్రంథము వ్రాసి, వ్రేలాడు బరువునకు గుండు తగిలించి దాని ఊపును బట్టి వేగమును కొలుచు విధమును తెలిపెను. గుండు ఏల ప్రక్కకు బోవుచున్నదో విమర్శించి, గొట్టములో దొర్లినపుడు కలుగు అడ్డదిడ్డపు తిరుగుడే కారణమని తేల్చెను. తిరుగుడును మాన్పలేము గనుక దానిని క్రమపరచవలెను. గొట్టము లోపల మెలితిరిగిన చాళ్లు దీసినచో గుండు బొంగరమువలె తన పయనపు దిక్కునే ఇరుసుగ జేసికొని తిరుగుచు తిన్నగ బోవును. రైఫిలు రహస్యమిదియే. ఈ గొట్టములను ముందుగ బాగుచేసికొన్న జాతి తక్కిన జాతులపై పైచేయి పొందునని 1747లోనే అతడు హెచ్చరించెను. ఈ మహాశాస్త్రజ్ఞుడు కంపెనీ కోటల పనికై మన తీరమునకు వచ్చి, 1751లో కడలూరుకడ సెయింట్ డేవిడ్ కోటలో మరణించెను. గొట్టమును గూర్చి యూరపు ఎట్లాలోచించుచుండెనో చూచితిరి గదా! అచ్చట కమ్మరి పట్టెడకును గణితశాస్త్రమునకును నడుమ ద్వారము తెరచియుండెను.

రేమండు దళము 1790 నాటి మైసూరు యుద్ధకాలమున పెరుగజొచ్చి, కొన్నియేండ్లలో పదివేలు మించినది. ఆ పటాలపు ధ్వజము ఫ్రెంచి ప్రజారాజ్యపు మూడురంగుల జెండా. సిపాయిల గుండీలపై స్వేచ్ఛకు చిహ్నమగు టోపీ. స్వేచ్ఛయను మాట నెరుగని ప్రభువు జీతగాండ్రు ఆ గుర్తును ధరించి కవాతు చేయుట విధి చమత్కారము. 1795 మార్చిలో ఖర్దాకడ మహారాష్ట్రులతో సంగ్రామము జరిగెను. రేమండు పటాలములు చెక్కుచెదరక పోరినను, ప్రభువు వెరచి సేనను వెనుకకు బిలిచి ఖర్దా కోటలో దూరి సంధికొప్పుకొనెను. దౌలతాబాదు కోటను, కోట్లకొలది ధనమును ఒప్పుకొని, మంత్రి అజీముల్ ఉమ్రాను పూనాకు తాకట్టుగ నిచ్చెను. సర్ జాన్ షోరు తటస్థుడై చూచుచుండెను. ఇంగ్లీషువారి స్నేహపు విలువ తెలిసిన నైజాము వారి పటాలములను పంపివేసి రేమండు పైననే భారము వైచెను. ఆ యేడే రాకుమారుడు ఆలీజాహు తిరుగబడగా రేమండు వెంబడించి అణచెను. మెదకుసీమ ఆదాయము అతని సేన జీతబత్తెములకు గేటాయింపబడినది. 1796లో ఆయుధశాలలపై సర్వాధికారము వానికి లభించెను. ఎనిమిదణాల అద్దె తుపాకులతో నారంభించినవాడు పది పండ్రెండేండ్లలో ఒక రాజ్యపు ఆయుధబలమున కధ్యక్షుడయ్యెను.

సైనికునిగ కంటె మనుష్యునిగ అతడు హెచ్చు కీర్తి గడించెను. అతని కాలమున సిపాయిలు అతనిని నమ్ముకొనియుండిరి. జనులు దైవనామములతో పిలిచిరన్న, అది పొగడ్తగాండ్ర పని కాదు. చనిపోయినవానిని పొగడి పొందదగిన దేమియు లేదు.

1798 మార్చి 25వ తేదీన, నలువది మూడవయేట, రేమండు హఠాత్తుగ మరణించెను. విషప్రయోగమని వదంతి పుట్టెను. సేనాధిపత్యము పిరోను అను ఫ్రెంచివానికి సంక్రమించెను. రెండు మాసములలో వెల్లస్లీ కలకత్తా చేరెను. నెపోలియను ఈజిప్టున దిగుటతో ఫ్రెంచి పేరు విన్నంతనే కంపెనీ గుండె ఝల్లుమనసాగెను. పూనానుండి విడుదలయై వచ్చిన అజీముల్ ఉమ్రా ఇంగ్లీషు పక్షపాతి. సెప్టెంబరు 1వ తేదీన సంధి ముగిసినది: ఆరు ఇంగ్లీషు పటాలములను నైజాము పోషింపవలెను, ఏటికి 24,17,100 రూపాయలు చెల్లింపవలెను, ఫ్రెంచి దళమును విచ్ఛిన్నము చేయవలెను. గుంటూరున సిద్ధముగనున్న పటాలములు కల్నలు రాబర్ట్సు నాయకత్వమున కృష్ణదాటి రాజధాని చేరినవి. అక్టోబరు 22వ తేదీన ఇంగ్లీషు సేన ఫ్రెంచి దండును చుట్టుముట్టెను. జీతపు బకాయిలకై సిపాయిలు అంతకుముందే తమ యధికారులను నిర్బంధించియుండిరి. కొన్ని గంటలలో పదివేలకు మించిన సైన్యము ఆయుధముల నప్పగించి చెదరిపోయెను. ఒక్క యుద్ధమైనను జరుగలేదు.

పాఠకులారా! ఆ గొట్టములు వంకరవి కావు. ఆ మందు తడిసినది కాదు. మార్చిలో భయంకరమైన సేన అక్టోబరునకు గడ్డిబొమ్మ యెట్లయ్యెను? అధికారులు విదేశీయులు, కార్ఖానా నడిపినవాడు విదేశీయుడు, సిపాయి జీతమునకు, జీతము ప్రభువు చిత్తమునకు గట్టుబడినవి. దేశస్థుడొకడైనను ఆ పటాలమునకు నాయకుడుగ పెంచబడలేదు. కొలత దెలిసిన తల ఒక్కటి నేలరాలగా, చేతులన్నియు చేతులుగనే మిగిలినవి. రేమండు దోషమిదియని మేమనము. అతనిని జీతమునకు బెట్టుకొని, అతని విద్యను మాత్రము తన ప్రజలకు నాటించుకొనని ప్రభుత్వపు దోషమిది.

ఫలితమనుభవించినది తెలుగుదేశమే. 1799లో టిప్పు కూలెను. 1800లో ఇంగ్లీషు పటాలముల ఖర్చునకై కడప, బళ్లారి, అనంతపురము, కర్నూలు సీమలు కంపెనీకి ధారవోయబడి దత్తమండలములైనవి. తోటివారినుండి తెలుగువారిని విడదీసిన ఆ గీత ఫిరంగితో గాక కలముతో గీయబడినది. ఫిరంగి అప్పటికే మూగవోయినది. రాబిన్సు జోస్యమును 1857 నిజము గావించెను. మెలిచాళ్ల గొట్టమున గుండు బిగువుగ దిగవలెను గనుక క్రొవ్వు పూసిన తోటాలు వచ్చినవి. ఆ క్రొవ్వే సిపాయిల తిరుగుబాటునకు నిప్పురవ్వయైనది. ఇరువది యొక్క యేండ్లకు, 1878లో, బ్రిటిషు ప్రభుత్వము ఆయుధముల చట్టమును చేసి, అనుజ్ఞాపత్రము లేనిదే భారతీయుడు తుపాకి దాల్చరాదనెను. గొట్టము చేయు చేతులకు గిరాకి నశించినది.

రేమండు మరణించిన 1798లోనే రంఫర్డు ప్రభువు మ్యూనిక్ కార్ఖానాలో ఫిరంగి తొలుచునపుడు పుట్టు వేడిని కొలిచి, వేడి యనునది ద్రవ్యము గాక చలనమేయని ప్రతిపాదించెను. ఒకచోట ఫిరంగి బర్మానుండి ఒక శాస్త్రము పుట్టినది. మరియొకచోట, అదే యేట, ఫిరంగుల కార్ఖానా వెనుక నున్న రాజ్యబలము చల్లారినది. బర్మా రెండుచోట్లను ఉన్నది. దానిని తిప్పువాడు ఏల యని ప్రశ్నించు స్థలము ఒకచోటనే యుండెను.

నేడు గొట్టపు విద్య చాల దూరము నడచినది. కడ్డీచుట్టు ఉక్కును యంత్రపు సమ్మెటలతో మోది, లోచాళ్లతో సహా గొట్టమును దీయుచున్నారు. అంగుళమున వేయవ వంతు తేడాను సహింపరు. ఒకప్పుడు రేమండు సేనకు జీతమిచ్చిన మెదకుసీమలోనే, ఎద్దుమైలారమున, 1984లో స్థాపితమైన ఆయుధకర్మాగారము యుద్ధశకటములను నిర్మించుచున్నది. అందు పనిచేయువారు మన బిడ్డలు. ఈ భేదము స్వల్పమైనది కాదు.

రేమండు సమాధికడ నల్లరాతి స్తంభము, దానిపై అతని పేరి అక్షరములు నిలిచియున్నవి. చెంతనున్న స్తంభమంటపము 2001లో వానలకు కూలగా మరల కట్టబడినది. గన్‌ఫౌండ్రీ గోడలు మాత్రము నగరపు రద్దీ నడుమ బిక్కుబిక్కుమనుచున్నవి. మాన్యులగు భూస్వాములకును పట్టణవాసులకును మేము విన్నవించున దొక్కటి. కుమారుడు వకీలైన సంతసింతుము, తహసీలుదారైన పొంగుదుము. లేతుయంత్రముకడ నిలిచి ఇనుమును కొలతకు దీయువానిని మాత్రము కూలివానిగ జూతుము. అట్టి చూపుగల సమాజము ఎన్ని కార్ఖానాలు తెచ్చుకొన్నను అవి అద్దె తుపాకులే. పిల్లలను ఒకమారు ఆ గోడలకడకు గొనిపోవుడు. ఎనిమిదణాల కథ చెప్పుడు. అక్టోబరు 22వ తేదీ కథయు చెప్పుడు.